కారు పోయినంక కట్టిన లెక్క (పద్నాలుగో భాగం)



పోయిన భాగంలో స్కాలర్‌షిప్ బకాయిల గురించి రాస్తే, దాని మీద మాట్లాడాల్సింది పోయి సగం మంది "అక్కా, నీ కారు సంగతి ఏమైంది, ఎంత ఇచ్చిండ్రు" అని అడిగిండ్రు. సరే, ఈసారి అదే రాస్త. కొంచెం పొడుగుంటది. చాయ్ తెచ్చుకొని కూర్చోండి.

లక్షా డెబ్బై తొమ్మిది వేలు. 2023 జూన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ నా కారుకు కట్టిన ఖరీదు ఇది. అదే కంపెనీ 2022 మార్చిలో నా దగ్గర ప్రీమియం తీసుకున్న రోజు అదే కారుకు 3,12,000 అని అచ్చు కొట్టి పాలసీ ఇచ్చింది. మధ్యలో కారుకు చిన్న గీత కూడా పడలేదు. దొంగతనం ఒక్కటే జరిగింది. ఇక్కడ కంపెనీ పేరు రాయను. రాస్తే, అది ఆ ఒక్క కంపెనీ గుణం అనుకొని మీరు ఇంకో కంపెనీ దగ్గరికి పోయి నిమ్మళంగ ఉంటరు.

2022 నవంబర్ 26, శనివారం. రాజ్యాంగ దినోత్సవం. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ల గల్లీలో పిల్లలతో మీటింగ్ పెట్టుకున్నం. గ్రూప్స్‌కు చదివే పిల్లలు, సాయంత్రం ఆరు దాటితే తప్ప ఖాళీ దొరకరు. ఆ గల్లీలు మీకు తెలిసినయే. రెండు దిక్కుల బండ్లు, మధ్యలో టిఫిన్ బండి, పైన కోచింగ్ బోర్డులు. కారు గల్లీ మొదట్ల పెట్టి తాళం వేసుకొని పోయిన. తొమ్మిదిన్నరకు కిందికి వస్తే కారు ఉన్న జాగల ఒక యాక్టివా ఉంది.

వెంటనే 100కి ఫోన్ చేసిన. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తది. రాత్రే స్టేషన్‌కు పోయినం. అక్కడ మొదటి ప్రశ్న, "కిస్తీలు కడుతున్నరా? ఫైనాన్సోళ్లు ఎత్తుకపోయిండ్రేమో కనుక్కో పో." కిస్తీ ఒక్కటి కూడా తప్పలేదని బ్యాంకు మెసేజీలు చూపెట్టిన. "చుట్టుపక్కల చూసుకొని రేపు రాండి." రేపు ఆదివారం. ఎఫ్ఐఆర్ అయింది సోమవారం, 28న, ఐపీసీ 379 కింద. ఇప్పుడైతే అది బీఎన్ఎస్ 303(2). మంగళవారం కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పి క్లెయిమ్ నంబరు తీసుకున్న.

ఆ కారు నాకు ఏందో చెప్పకపోతే మీకు ఈ కొట్లాట అర్థం కాదు. 2019 మార్చిలో నాలుగు లక్షల లోన్ తీసుకొని కొన్న చిన్న కారు, వెయ్యి సీసీ. నెలకు 7,300 కిస్తీ. నల్గొండ జిల్లా నుంచి ఎల్బీనగర్‌కు వలస వచ్చి అపార్ట్‌మెంట్లకు మట్టి మోసిన మా అమ్మ, అదే ఎల్బీనగర్ చౌరస్తాల ముందు సీట్ల కూర్చొని పోయిన కారు. అది ఒకటి. రెండోది, ఊర్లల్ల దాడి జరిగిందంటే నిజనిర్ధారణకు పొద్దున్నే బయల్దేరాలె. బస్సు దిగి ఆ ఊరి ఆటో ఎక్కినమంటే మనం పోయేలోపు ఎవరు వస్తున్నరో పెద్దమనుషులకు తెలిసిపోతది. అంబేడ్కర్ 'వీసా కోసం నిరీక్షణ'లో రాసుకున్నది చదవండి. 1901లో గోరేగావ్ పోయే దారిలో పిల్లలు మహర్లని తెలిసినంక బండి మనిషి వాళ్లను తోలనన్నడు. ఇనుమడి కిరాయి తీసుకొని, బండి పిల్లలనే తోలుకోమని, తాను పక్కన నడిచిండు. చదువంతా అయి, విదేశాల్లో డిగ్రీలు తెచ్చుకున్నంక 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాలాలు ఆయన్ని ఎక్కించుకోమన్నరు. తోలరాని మనిషి తోలి టాంగా పడి ఆయన కాలు విరిగింది. సొంత బండి మనకు షోకు కాదు. ఎవన్నీ అడుక్కోకుండ ఊరు చేరే సాధనం.

డిసెంబర్‌లో కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటర్ ఇంటికి వచ్చిండు. క్లెయిమ్ పెద్దదైతే, దొంగతనమైతే, ఇట్ల ఒకాయన రావడం మామూలే. ఆయన అడిగే అధికారం ఉన్నవి ఉన్నయి. రెండు తాళం చెవులు, ఆర్సీ, లైసెన్సు, ఎఫ్ఐఆర్. అన్నీ ఇచ్చిన. తర్వాత గోడ మీద బాబాసాహెబ్ ఫోటో చూసిండు.

"మేడం, ఇంటిపేరు ఏంది?"

చెప్పిన. అర్థం కాలేదు ఆయనకు. మా ఇంటిపేరు అందరికీ ఉండేదే.

"ఓహో. కారు గవర్నమెంటు ఇచ్చిందా? దళితబంధా?"

దళితబంధు 2021 ఆగస్టులో మొదలైంది. నా కారు 2019ది. ఆర్సీ ఆయన చేతిలనే ఉంది. తారీఖు చూపెట్టిన. ఒకవేళ దళితబంధు కారే అనుకుందాం. పది లక్షల యూనిట్ కింద వచ్చిన కారు పోతే దాని ఇన్సూరెన్స్ లెక్క వేరే ఉంటదా? "మరి ఎవరు కొనిచ్చిండ్రు?" అని ఇంకో ప్రశ్న. జీతం స్లిప్పు అడిగిండు, ఇచ్చిన. దొంగ ఎవడో నాకు ఆ రోజుకూ తెల్వదు, ఈ రోజుకూ తెల్వదు. కానీ ఆ గంట సేపు ఆ గదిలో అనుమానించదగ్గ మనిషి మాత్రం నేనే.

అసలు కథ ఆ తర్వాత. మాటల మధ్యల "ఊర్లకు పోతరు కదా, పెట్రోలు ఎవరు పోస్తరు?" అన్నడు. పిల్లలు తలా వంద వేస్తరని మా అమ్మ లోపలి నుంచి చెప్పింది. దాంట్ల దాచేది ఏముంది? ఆయన మూడు పేజీల స్టేట్‌మెంట్ ఇంగ్లిషులో రాసి సంతకం పెట్టమన్నడు. చదివిన. రెండో పేజీల, విద్యార్థుల నుంచి కిరాయి తీసుకొని వాహనం నడుపుతున్నట్టు ఒక వాక్యం ఉంది. పెట్రోలు చందా కాస్త కాగితం మీదికి వచ్చేసరికి కిరాయి అయింది.

ఎందుకు రాసిండో తర్వాత చదువుకుంటే తెలిసింది. సొంత వాడకం పాలసీ ఉన్న బండిని కిరాయికి తిప్పితే అది షరతు ఉల్లంఘన. 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు, అట్లాంటి ఉల్లంఘన ఉన్నా క్లెయిమ్ మొత్తం కొట్టేయొద్దు, నాన్-స్టాండర్డ్ పద్ధతిలో 75 శాతం దాక ఇవ్వాలె అన్నది. పాలసీదారుకు మేలు చేద్దామని ఇచ్చిన తీర్పు అది. కంపెనీల చేతిల పడి ఎట్ల తిరిగిందంటే, ఏదో ఒక ఉల్లంఘన దొరకబట్టి పావు వంతు కోసెయ్యడానికి కత్తెర అయింది. నేను ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కింద తెలుగులో రాసిన: మిత్రులు పెట్రోలు ఖర్చు పంచుకుంటరు, కిరాయి తీసుకోను. మూడు పేజీలకూ ఫోన్‌ల ఫోటో తీసుకున్న. ఆయనకు నచ్చలేదు. "ఎందుకు మేడం, ఫార్మాలిటీ" అన్నడు. మన దగ్గర ఫార్మాలిటీ అన్న మాట ఎక్కడ వినపడితే అక్కడ ఆగి రెండుసార్లు చదవాలె.

తర్వాత నాలుగు నెలలు పోలీసు ఫైనల్ రిపోర్టు కోసం తిరుగుడు. బండి దొరకలేదని వాళ్లు కోర్టుకు రాసియ్యాలె, దాని నకలు కంపెనీకి కావాలె. ఎల్బీనగర్‌ల రంగారెడ్డి జిల్లా కోర్టుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగిన్నో రాస్తే ఇంకో భాగం అయితది, వదిలేస్తున్న. కిస్తీ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖు ఠంచనుగా కట్ అయితనే ఉంది. లేని కారుకు కిస్తీ కట్టుడు ఎట్లుంటదో కట్టినోళ్లకే తెలుస్తది.

జూన్‌ల ఉత్తరం వచ్చింది. ఆన్‌లైన్‌ల పాత కార్లు అమ్మే సైట్ల నుంచి తీసిన రెండు ప్రింటౌట్లు జతచేసి, మార్కెట్ విలువ 2,40,000 అన్నరు. సమాచారం ఆలస్యంగా ఇచ్చినందుకు నాన్-స్టాండర్డ్, అంటే 75 శాతం. అక్కడికి 1,80,000. తప్పనిసరి మినహాయింపు వెయ్యి పోను 1,79,000. కింద డిశ్చార్జ్ వోచర్. పూర్తి, తుది పరిష్కారంగా ఒప్పుకుంటున్నా అని సంతకం పెట్టి పంపితే వారంలో డబ్బులు. అయితే ఆ డబ్బులు నాకు రావు. ఆర్సీ మీద హైపొథెకేషన్ ఉంది కాబట్టి ముందు బ్యాంకుకు. బాకీ అప్పటికి సుమారు లక్షా నలభై వేలు. అంటే నాలుగేండ్ల కిస్తీలు కట్టినంక నా చేతికి వచ్చేది ముప్పై తొమ్మిది వేలు. కిరాయి కిస్సా మాత్రం ఉత్తరంల ఎక్కడా లేదు. కొట్టేసిన వాక్యం పనికిరాలేదని ఆలస్యాన్ని పట్టుకున్నట్టున్నరు.

ఏజెంట్‌కు ఫోన్ చేస్తే, "తీసుకోండి మేడం, కోర్టుకు పోతే ఏండ్లు పడతది, వచ్చింది వచ్చినట్టు తీసుకుంటే మంచిది" అన్నడు. చెడ్డోడేం కాదు. ఆయనకు తెలిసిన లోకంల అదే మంచి సలహా.

ఇప్పుడు ఐడీవీ గురించి. పోటీ పరీక్షలకు చదివే మీకు ఇది పది నిమిషాల పాఠం, కానీ లక్షా ముప్పై రెండు వేల పాఠం. ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ. 2002 జులై నుంచి అమలైన ఇండియా మోటార్ టారిఫ్‌ల దీనికి పద్ధతి రాసిండ్రు. పాలసీ మొదలయ్యే రోజు అదే మోడల్‌కు తయారీదారు చెప్పే అమ్మకం ధర తీసుకోవాలె. మనం కొన్నప్పటి ధర కాదు, ఈ తేడా చాలా మంది గమనించరు. దాని నుంచి వయసును బట్టి తరుగుదల తీసేయాలె. ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపు 15, రెండేండ్ల లోపు 20, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, ఐదేండ్ల లోపు 50. ఐదు దాటితే పట్టిక లేదు, కంపెనీ, మనం ఇద్దరం ఒప్పుకున్న అంకె. నా కారు 2022 మార్చి రెన్యువల్ నాటికి మూడేండ్లు దాటింది, ధర 5,20,000 పట్టుకుంటే 40 శాతం పోను 3,12,000. పాలసీ మీద ఉన్నది సరిగ్గ ఇదే.

దానికింద పాలసీల ఇంకో వాక్యం ఉంటది. టోటల్ లాస్ క్లెయిమ్‌లకు ఈ ఐడీవీనే పాలసీ కాలమంతా మార్కెట్ విలువగా లెక్కిస్తరు, ఇంక తరుగుదల తీయరు అని. దొంగతనం అంటే టోటల్ లాసే. బంపర్ పగిలితే ప్లాస్టిక్‌కు 50 శాతం తరుగుదల తీస్తరు చూడండి, అది రిపేరు క్లెయిమ్ సంగతి. ఆ రెండిటినీ కలగలిపి మాట్లాడుతరు, మనం తల ఊపుతం.

ఎందుకు ఇట్ల రాసుకున్నరో ఆలోచించండి. ప్రీమియం ఆ 3,12,000 మీదనే వసూలు చేసిండ్రు. 2,40,000 మీద కాదు. బండి పోయినంక మార్కెట్ వెతుక్కుంటే, తీసుకునేటప్పుడు ఒక తూకం, ఇచ్చేటప్పుడు ఒక తూకం. ఊర్లల్ల వడ్ల కాంటా దగ్గర మన తాతలకు జరిగిందిదే. సుప్రీంకోర్టు 2008లో ధర్మేంద్ర గోయల్ కేసుల ఈ సంగతే తేల్చింది: పాలసీ ఇచ్చేటప్పుడు ఒప్పుకున్న విలువను క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ కాదనడం కుదరదు, ఇష్టముంటే తీసుకో లేకుంటే పో అనే ధోరణి పనికిరాదు. బలమైన స్థానంల ఉన్నోళ్లు ఇట్ల చేస్తరని కోర్టే గుర్తించింది.

ఆలస్యం సంగతికి వస్తే, నా ఆలస్యం మూడు రోజులు. 2017లో ఓం ప్రకాశ్ కేసుల ఎనిమిది రోజులు ఆలస్యమైతే, సరైన కారణం ఉంటే నిజమైన క్లెయిమ్‌ను ఆ సాకుతో కొట్టేయొద్దన్నరు. 2020 జనవరిలో గురుశిందర్ సింగ్ కేసుల ముగ్గురు జడ్జీల బెంచ్, పోయింది ఒక ట్రాక్టర్, కంపెనీకి చెప్పింది 52 రోజులకు. పోలీసులకు వెంటనే చెప్పినప్పుడు కంపెనీకి ఆలస్యంగా చెప్పిండన్న ఒక్క కారణం చాలదు అన్నరు. నాకు ఎఫ్ఐఆర్ రెండు రోజులు ఆలస్యం, అందుకే 100కి చేసిన ఫోన్ పనికొచ్చింది. రాత్రి 9:41, కాల్ లిస్టుల ఉంది.

వోచర్ మీద సంతకం పెట్టలేదు. పెట్టినా అంతటితో అయిపోదు. బలవంతం మీదనో మోసంతోనో తీసుకున్నదైతే అది అడ్డం కాదని 1999లోనే సుప్రీంకోర్టు అజ్మీర్ సింగ్ కాటన్ కేసుల చెప్పింది. కానీ దాన్ని రుజువు చేసే బరువు మన నెత్తిన పడతది. పెట్టకపోతే ఆ బరువే లేదు.

కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఒకటిన్నర పేజీల ఉత్తరం రాసిన. తిట్లు లేవు, కథ లేదు. పాలసీ నంబరు, ఐడీవీ, ఆ వాక్యం ఉన్న పేజీ, మూడు తీర్పుల పేర్లు, నాకు రావాల్సింది 3,11,000, గంతే. ఒక ఫ్రెండ్ "కులం గురించి అడిగిన సంగతి కూడా రాయి" అన్నది. రాసిన, కానీ వేరే ఉత్తరంల. ఎందుకంటే ఈ ఉత్తరం అంకె గురించి. రెండూ ఒకటే కాగితం మీద పెడితే వాళ్లు రెండోదాని మీద చర్చ పెట్టి మొదటిది ముంచుతరు. ఆ రెండో ఉత్తరానికి ఇప్పటిదాక జవాబు రాలేదు.

జులై ఆఖర్ల మొదటిదానికి జవాబు: మా నిర్ణయంలో మార్పు లేదు. మంచిది. ఆ జవాబు చేతిల ఉంటెనే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. జవాబే ఇయ్యకపోతే నెల రోజులు ఆగి పోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, అసలు వకీలును తెచ్చుకోనియ్యరు. కంపెనీ నిర్ణయం వచ్చినంక ఏడాది లోపల పోవాలె. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లనే, లకిడికాపూల్ దగ్గర ఏ.సి.గార్డ్స్‌ల. ఎల్బీనగర్‌ల మెట్రో ఎక్కితే మారకుండ లకిడికాపూల్‌ల దిగుతం. వినియోగదారుల కమిషన్ కూడా ఉంది, మనం ఉండే జిల్లాలనే వెయ్యొచ్చు, ఐదు లక్షల దాక ఫీజు లేదు, రెండేండ్ల గడువు. అంబుడ్స్‌మన్ తీర్పు మనకు నచ్చకపోతే ఒప్పుకోకుండ కమిషన్‌కు పోవచ్చు. కంపెనీ మాత్రం దానికి కట్టుబడాల్సిందే. అందుకే ముందు ఇక్కడికి పోయిన.

నవంబర్‌ల విచారణ. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి చిన్నపిల్ల, ఫైల్ ఆమెకు ఆ పొద్దున్నే ఇచ్చినట్టుంది. పాత కార్ల సైట్ల ప్రింటౌట్లు పెట్టింది. ఆ సైట్లల్ల ధర ఐడీవీ కంటే ఎక్కువ ఉంటే ఎక్కువ ఇస్తరా అని ఒక్క ప్రశ్న వచ్చింది. ఆమె ఫైల్ తిరగేసింది. నన్ను ఇంటిపేరు ఎవరూ అడగలేదు. డిసెంబర్‌ల ఉత్తర్వు: ఐడీవీ నుంచి వెయ్యి పోను మొత్తం, ఆలస్యానికి వడ్డీ. 2024 జనవరిల డబ్బులు పడ్డయి. బ్యాంకు తన బాకీ, అప్పటికి దాదాపు 96 వేలు, కోసుకుంది. మిగిలింది నాకు. ఆర్సీ బదిలీ కాయిదాల మీద సంతకాలు పెట్టిచ్చిన. కారు ఎన్నడన్న దొరికితే అది ఇప్పుడు కంపెనీది.

మిత్రులు కొందరు "ప్రభుత్వ కంపెనీ అయితే ఇట్ల చేయదు" అంటరు. చేస్తది, ధర్మేంద్ర గోయల్ కేసుల ఉన్నది ప్రభుత్వ రంగ కంపెనీనే. కాకపోతే ఒక మాట. 1947లో షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభకు ఇచ్చిన 'రాష్ట్రాలు-మైనారిటీలు'ల అంబేడ్కర్ బీమా రాజ్యం చేతిలనే ఉండాలె, ప్రతి వయోజనుడికీ జీతానికి తగ్గ జీవిత బీమా తప్పనిసరి చేయాలె అని రాసిండు. బాబాసాహెబ్ బీమాను ఆర్థిక ప్రజాస్వామ్యంల భాగంగా చూసిండు. మన సంఘాలల్ల రిజర్వేషన్ మీద రోజంతా మాట్లాడుతం, దీని మీద ఒక క్లాసు కూడా పెట్టలేదు. ప్రతి బస్తీల ఇరవై బండ్లు ఉన్నయి ఇప్పుడు. సగం మంది ఫోన్‌ల పాలసీ కొంటున్నరు. అక్కడ ఐడీవీ గీతను ఎడమకు జరిపితే ప్రీమియం నాలుగైదు వందలు తగ్గుతది, సంబురంగ జరుపుతరు. బండి పోయినప్పుడు ఆ జరిపిన అంకెనే వస్తది. దానికి ఏ కోర్టూ ఏం చేయలేదు.

పోయిన ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ నుంచి ఇద్దరు పిల్లలు వచ్చిండ్రు. ఒకడి బైకు పోయింది, ఆరేండ్ల బండి. కంపెనీ పదకొండు వేలు అంటున్నదట. పట్టిక వర్తించదు కదక్కా, ఐదేండ్లు దాటింది కదా, ఇంక వాళ్లు చెప్పిందేనా అన్నడు. పాలసీ తెరువు అన్న. ఫోన్‌ల పీడీఎఫ్ తెరిచి కిందికి జరుపుకుంట పోయిండు. మొదటి పేజీలనే ఉంది, 24,000. ఇద్దరూ ఒప్పుకున్న అంకె అంటే అదేరా, వాళ్లు రాసిండ్రు, నువ్వు పైసలు కట్టినవ్ అన్న. వాడు ఫోన్ వాళ్ల దోస్తుకు చూపెట్టిండు. అమ్మ చాయ్ పెట్టింది, ఉత్తరం రాయడానికి కూర్చున్నం.

వచ్చే భాగంల ఆ రెండో ఉత్తరం గురించి రాస్త, జవాబు వచ్చినా రాకపోయినా.